మూవ్‌సెట్: పోరాట జీవుల ఆటల్లో ఎత్తుల కూర్పు

మూవ్‌సెట్ అంటే పోరాట జీవుల వీడియో ఆటల్లో ఒక జీవి బరిలోకి తీసుకువెళ్లే ఎత్తుల కట్ట. జీవి ఎన్ని ఎత్తులు నేర్చుకోగలిగినా ఒక పోరులో వాడుకోగలిగేవి కొన్నే. ఈ రకం ఆటల్లో ఎక్కువ పేరు పొందిన పోకీమాన్‌లో ఆ సంఖ్య నాలుగు. 60 ఎత్తులు నేర్వగల జీవికి నాలుగేసి చొప్పున 4,87,635 కూర్పులు సాధ్యమవుతాయి. వాటిలో పోటీకి పనికివచ్చేవి చాలా కొద్ది. ఆ కొద్దింటిని గుర్తించే పద్ధతి, దాని చరిత్ర, లెక్కలు, రకాలు, తెలుగు ప్రాంతంలో, ముఖ్యంగా పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దానికి ఉన్న నేపథ్యం ఈ వ్యాసంలో ఉన్నాయి.

1. నిర్వచనం, పదజాలం

ఆటగాళ్లు నిత్యం వాడే మాట మూవ్‌సెట్, లేదా క్లుప్తంగా సెట్. చదరంగం, పులి–మేక ఆడేవారు వాడే ‘ఎత్తు’ అనే మాటనే ఈ వ్యాసంలో మూవ్‌కు సమానంగా వాడాం. ఎత్తుకు ప్రధానంగా ఐదు లక్షణాలుంటాయి.

టైప్: ఎత్తు ఏ జాతికి చెందినదో చెబుతుంది. పోకీమాన్‌లో ఫైర్, వాటర్, గ్రాస్, ఎలక్ట్రిక్, గ్రౌండ్, డ్రాగన్ వంటి 18 టైపులున్నాయి. జీవులకూ ఇవే టైపులు వర్తిస్తాయి. ఒక జీవికి ఒకటి లేదా రెండు టైపులుంటాయి.

వర్గం: శారీరక దాడి, ప్రత్యేక దాడి, స్థితి అని మూడు వర్గాలు. శారీరక దాడి జీవి అటాక్ అంకె మీద, ప్రత్యేక దాడి స్పెషల్ అటాక్ అంకె మీద ఆధారపడతాయి. స్థితి ఎత్తు నేరుగా దెబ్బ తీయదు. పక్షవాతం కలిగించడం, బలం పెంచుకోవడం, గాయం మాన్పుకోవడం వంటి పనులు చేస్తుంది.

శక్తి: దెబ్బ బలాన్ని తెలిపే అంకె.

కచ్చితత్వం: నూటికి ఎన్నిసార్లు తగులుతుందో తెలిపే అంకె.

ప్రాధాన్యం: స్పీడ్‌తో సంబంధం లేకుండా ముందుగానో వెనకగానో జరిగే క్రమం.

వీటితోపాటు జీవి సహజ లక్షణమైన ఎబిలిటీ, అది వెంట ఉంచుకునే వస్తువు, స్వభావం, శిక్షణ అంకెలు కూర్పు విలువను మార్చేస్తాయి. అందుకే పోటీ ఆటగాళ్లు ‘సెట్’ అన్నప్పుడు నాలుగు ఎత్తులతోపాటు వీటన్నింటినీ కలిపే చెబుతారు.

2. చరిత్ర

*తొలి దశ, 1996–2001.* పోకీమాన్ తొలి ఆటలు రెడ్, గ్రీన్ 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో నిన్టెండో గేమ్ బాయ్ యంత్రం కోసం విడుదలయ్యాయి. గేమ్ ఫ్రీక్ సంస్థ తయారుచేసిన ఆ ఆటల్లో 151 జీవులు, 15 టైపులు ఉండేవి. జీవికి నాలుగు ఎత్తులే అన్న నియమం అప్పుడే మొదలై నేటికీ మారలేదు. తొలి తరంలో దాడిదే పైచేయి. ఆ కాలపు మేటి జీవుల్లో ఒకటైన టారస్ సాధారణ కూర్పు బాడీ స్లామ్, హైపర్ బీమ్, బ్లిజార్డ్, ఎర్త్‌క్వేక్. నాలుగూ దాడులే. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటలు డార్క్, స్టీల్ టైపులను, వెంట ఉంచుకునే వస్తువులను తెచ్చాయి. అంతవరకూ ఒకటిగా ఉన్న ‘స్పెషల్’ అంకె దాడికొకటి, రక్షణకొకటిగా విడిపోయింది. తొలి తరంలో విపరీతంగా వాడిన బ్లిజార్డ్ కచ్చితత్వాన్ని 90 నుంచి 70కి తగ్గించారు.

*మధ్య దశ, 2002–2012.* 2002 నాటి రూబీ, సఫైర్ ఆటలతో ఎబిలిటీలు, 25 స్వభావాలు, ఇద్దరిద్దరు చొప్పున తలపడే జంట పోరులు వచ్చాయి. 2006 నాటి డైమండ్, పెర్ల్ ఆటలు కూర్పు శాస్త్రాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చాయి. అంతకుముందు దాడి శారీరకమా, ప్రత్యేకమా అన్నది టైపే నిర్ణయించేది. వాటర్ ఎత్తులన్నీ ప్రత్యేక దాడులే. మూల అటాక్ (ఆ రకం జీవులన్నిటికీ ఒకటే ఉండే అంకె) 125, మూల స్పెషల్ అటాక్ 60 ఉన్న గ్యారడోస్ తన సొంత టైప్ ఎత్తును సరిగా వాడుకోలేకపోయేది. 2006 నుంచి వర్గం ఎత్తుకెత్తుకు వేరుగా నిర్ణయమైంది. వాటర్‌ఫాల్ శారీరక దాడి కావడంతో గ్యారడోస్ కూర్పు పూర్తిగా మారిపోయింది.

*ఇటీవలి దశ.* 2013లో ఫెయిరీ టైప్, పోరులో జీవిని తాత్కాలికంగా మరింత బలమైన రూపానికి మార్చే మెగా ఎవల్యూషన్ వచ్చాయి. ఫెయిరీ జీవులకు డ్రాగన్ దాడులు తగలవు కాబట్టి డ్రాగన్ దాడినే నమ్ముకున్న కూర్పులకు తోడు ఎత్తు తప్పనిసరైంది. 2016లో పోరుకు ఒకసారే వేయగల జెడ్–మూవ్‌లు, 2019లో జీవిని కొన్ని వంతులపాటు భారీగా పెంచే డైనమాక్స్, 2022లో పోరు మధ్యలో టైప్ మార్చుకునే టెరా వచ్చాయి. కొత్త నియమం వచ్చిన ప్రతిసారీ పాత కూర్పులను మొదటినుంచి తూచి చూసుకోవలసి వచ్చింది.

3. దెబ్బ లెక్క

కూర్పు మంచిచెడులు తేలేది దెబ్బ సూత్రంలో. ఎత్తు శక్తిని దాడి అంకెతో హెచ్చించి, ఎదుటి జీవి రక్షణ అంకెతో భాగించి, వచ్చిన విలువను కింది గుణకాలతో హెచ్చిస్తారు.

సొంత టైప్ లాభం: జీవి టైప్, ఎత్తు టైప్ ఒకటే అయితే దెబ్బ 1.5 రెట్లు.

టైప్ పొంతన: ఎదుటి జీవి ఒక్కో టైప్‌కు మామూలుగా 1 రెట్టు, లేదంటే 2 రెట్లు, సగం, లేదా సున్నా. రెండు టైపుల జీవికి ఇవి హెచ్చింపబడి 4 రెట్ల దాకా, లేదా నాలుగో వంతు దాకా పోవచ్చు.

యాదృచ్ఛిక గుణకం: ప్రతి దెబ్బ 85 నుంచి 100 శాతం మధ్య మారుతుంది. ఒక దెబ్బ ఎప్పుడూ చంపుతుందా, కొన్నిసార్లే చంపుతుందా అన్నది ఈ 15 శాతం మీద ఆధారపడుతుంది.

కచ్చితత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫైర్ టైప్‌లో ఫ్లేమ్‌త్రోయర్ శక్తి 90, కచ్చితత్వం 100. ఫైర్ బ్లాస్ట్ శక్తి 110, కచ్చితత్వం 85. సగటున మొదటిది 90, రెండోది 93.5. వాటర్ టైప్‌లో సర్ఫ్ సగటు 90 కాగా, శక్తి 110, కచ్చితత్వం 80 ఉన్న హైడ్రో పంప్ సగటు 88 మాత్రమే. అయినా హైడ్రో పంప్‌ను వాడేవారున్నారు. సర్ఫ్‌తో రెండు దెబ్బలకు పడే జీవి హైడ్రో పంప్‌తో ఒక్క దెబ్బకు పడితే, ఐదింట ఒకసారి తప్పే ప్రమాదాన్ని వారు భరిస్తారు. కాబట్టి సగటు కంటే ‘ఎన్ని దెబ్బలకు పడుతుంది’ అన్నదే పోటీ ఆటగాళ్లకు అసలు కొలమానం.

4. కూర్పు సూత్రాలు

*4.1 పని ముందు, ఎత్తు తర్వాత.* కూర్పు మొదలయ్యేది ఎత్తుల జాబితాతో కాదు, జట్టులో ఆ జీవి చేయవలసిన పనితో. ఎవరిని పడగొట్టాలి, ఎవరి దెబ్బ కాచుకోవాలి, ఎవరికి దారి వేయాలి అన్నవి తేలితే ఎత్తులు పెట్టే నాలుగు గడుల్లో రెండు మూడు తమంతట తామే నిండిపోతాయి.

*4.2 సొంత టైప్ దాడి.* 1.5 రెట్ల లాభం వల్ల దాడి చేసే దాదాపు ప్రతి జీవికీ కనీసం ఒక సొంత టైప్ ఎత్తు ఉంటుంది. జీవి బలమైన అంకె అటాకా, స్పెషల్ అటాకా అన్నదాన్ని బట్టి దాని వర్గాన్ని ఎంచుకుంటారు.

*4.3 విస్తృతి.* సొంత టైప్ దాడి పనిచేయని జీవులను కొట్టే ఎత్తును విస్తృతి ఎత్తు అంటారు. ఆటగాళ్ల మాటలో కవరేజ్. ఇక్కడ శక్తి కంటే పొంతన ముఖ్యం. డ్రాగన్, గ్రౌండ్ టైపుల గార్‌చాంప్ దీనికి మంచి ఉదాహరణ. దాని ఎదుట స్టీల్, ఫ్లయింగ్ టైపుల స్కార్మరీ ఉందనుకుందాం. గార్‌చాంప్ సొంత టైప్ ఎత్తు ఎర్త్‌క్వేక్ శక్తి 100, కానీ ఫ్లయింగ్ జీవికి గ్రౌండ్ దాడి తగలదు కాబట్టి ఫలితం సున్నా. డ్రాగన్ క్లా శక్తి 80, సొంత టైప్ లాభంతో 120, స్టీల్ అడ్డుకోవడంతో 60. స్టోన్ ఎడ్జ్ శక్తి 100. ఫ్లయింగ్ మీద రెట్టింపు, స్టీల్ మీద సగం కావడంతో మళ్లీ 100. ఫైర్ ఫాంగ్ శక్తి 65 మాత్రమే, కానీ స్టీల్ మీద రెట్టింపై 130 అవుతుంది. నాలుగింటిలో కాగితం మీద అన్నిటికంటే బలహీనమైన ఎత్తే ఇక్కడ అన్నిటికంటే గట్టి దెబ్బ.

లెక్క ఇంకో మెట్టు ముందుకు పోతుంది. స్కార్మరీ మూల డిఫెన్స్ 140, స్పెషల్ డిఫెన్స్ 70. గార్‌చాంప్ మూల అటాక్ 130, స్పెషల్ అటాక్ 80. శారీరక దాడి అయిన ఫైర్ ఫాంగ్ 130ని 130తో హెచ్చించి 140తో భాగిస్తే సుమారు 121. ప్రత్యేక దాడి అయిన ఫైర్ బ్లాస్ట్ రెట్టింపు శక్తి 220ని 80తో హెచ్చించి 70తో భాగిస్తే సుమారు 251. గార్‌చాంప్ శారీరక దాడికి పేరుపడిన జీవే అయినా, ఈ ఒక్క శత్రువు మీద దాని బలహీన అంకెతో చేసే దాడే రెట్టింపు పని చేస్తుంది. ఎదుటివారి బలహీనతను కూడా లెక్క వేయాలని ఈ ఉదాహరణ చూపుతుంది.

*4.4 గడి ఖర్చు.* నాలుగు గడుల్లో ఒకటి ఒక ఎత్తుకు ఇస్తే మరొకటి వదులుకున్నట్టే. అందుకే ఒకే పని చేసే రెండు ఎత్తులు ఒకే కూర్పులో అరుదు. ఫ్లేమ్‌త్రోయర్, ఫైర్ బ్లాస్ట్ రెండూ పెట్టుకున్న జీవి నిజానికి మూడు ఎత్తులతో ఆడుతున్నట్టు.

*4.5 వంతు ఖర్చు.* స్వోర్డ్స్ డాన్స్ అటాక్‌ను రెట్టింపు చేస్తుంది. కానీ దానికి ఒక వంతు పోతుంది, ఆ వంతులో ఎదుటి దెబ్బ తినాలి. డ్రాగన్ డాన్స్ అటాక్‌ను, స్పీడ్‌ను ఒకటిన్నర రెట్లు చేస్తుంది. ఖర్చుచేసిన వంతు తర్వాతి వంతుల్లో తిరిగి వస్తుందా అన్నదే ఇలాంటి ఎత్తులకు పరీక్ష.

*4.6 స్పీడ్ నియంత్రణ.* ముందు కొట్టేవారికి లాభం ఎక్కువ. థండర్ వేవ్ ఎదుటి జీవికి పక్షవాతం కలిగించి స్పీడ్‌ను సగం చేస్తుంది. టెయిల్‌విండ్ నాలుగు వంతులపాటు తమ పక్షపు స్పీడ్‌ను రెట్టింపు చేస్తుంది. ట్రిక్ రూమ్ ఐదు వంతులపాటు క్రమాన్ని తిరగేస్తుంది, అప్పుడు నెమ్మదైన జీవే ముందు కదులుతుంది. గార్‌చాంప్ మూల స్పీడ్ 102. సరిగ్గా 100 ఉన్న జీవులు చాలా ఉన్నందున, సమాన శిక్షణలో ఆ రెండు అంకెల తేడాతోనే వాటికంటే ముందు కొట్టగలుగుతుంది.

5. ఎత్తులతో కలిసి పనిచేసేవి

*శిక్షణ అంకెలు.* ఒక జీవికి మొత్తం 510 శిక్షణ అంకెలు ఇవ్వవచ్చు, ఒక గుణానికి గరిష్ఠంగా 252. పుట్టుకతో వచ్చే అంకె ఒక్కో గుణానికి 0 నుంచి 31 వరకు. స్వభావం ఒక గుణాన్ని 10 శాతం పెంచి మరోదాన్ని 10 శాతం తగ్గిస్తుంది. 25 స్వభావాల్లో ఐదింటికి ఈ ప్రభావం లేదు.

*వస్తువులు.* చాయిస్ బ్యాండ్ అటాక్‌ను 1.5 రెట్లు చేస్తుంది కానీ మొదట వాడిన ఎత్తుకే జీవిని కట్టిపడేస్తుంది. అందుకే చాయిస్ వస్తువు పట్టిన జీవికి స్థితి ఎత్తులు సాధారణంగా పెట్టరు. లైఫ్ ఆర్బ్ దెబ్బను 1.3 రెట్లు చేస్తుంది, ప్రతి దాడికీ పదో వంతు ప్రాణశక్తి పోతుంది. అసాల్ట్ వెస్ట్ స్పెషల్ డిఫెన్స్‌ను 1.5 రెట్లు చేసి స్థితి ఎత్తులను పూర్తిగా నిషేధిస్తుంది, కాబట్టి కూర్పులో నాలుగూ దాడులే ఉండాలి. లెఫ్టోవర్స్ ప్రతి వంతు చివర పదహారో వంతు ప్రాణశక్తిని తిరిగి ఇస్తుంది. ఎక్కువసేపు నిలబడే జీవులకు ఇది తగినది.

6. కూర్పుల రకాలు

*ఊడ్చివేత కూర్పు.* ఒక బలం పెంచే ఎత్తు, రెండు మూడు విస్తృత దాడులు. చివరి దశలో బరిలోకి దిగి మిగిలినవారిని వరసగా పడగొట్టడం దీని పని.

*గోడ పగలగొట్టే కూర్పు.* పెంపు కోసం ఆగకుండా మొదటి వంతు నుంచే గట్టి దాడులు చేసి ఎదుటి రక్షణ జీవులను బలహీనపరుస్తుంది.

*గోడ కూర్పు.* ప్రాణశక్తి సగం తిరిగి తెచ్చే రికవర్ వంటి ఎత్తు, విషం లేదా కాలిన గాయం కలిగించే ఎత్తు, ఒకటి రెండు దాడులు. విల్–ఓ–విస్ప్ వల్ల కాలిన గాయమైన జీవి శారీరక దెబ్బ సగానికి పడిపోతుంది.

*పరుపు కూర్పు.* ఎదుటి పక్షాన ఆపదలు పరచడం దీని పని. 2006లో వచ్చిన స్టెల్త్ రాక్ బరిలోకి దిగే ప్రతి శత్రువు ప్రాణశక్తిలో మామూలుగా ఎనిమిదో వంతు తీస్తుంది. రాక్ టైప్‌కు నాలుగు రెట్లు లొంగే చారిజార్డ్ వంటి జీవికి దిగీదిగగానే సగం పోతుంది. ఇలాంటి జీవులున్న జట్టులో ఆ రాళ్లను తొలగించే రాపిడ్ స్పిన్ గానీ డిఫాగ్ గానీ మరో జీవి కూర్పులో ఉండటం మంచిది.

*మలుపు కూర్పు.* యు–టర్న్, వోల్ట్ స్విచ్ వంటివి దెబ్బ కొట్టి, అదే వంతులో వెనక్కి తగ్గి, మరో జీవిని దింపుతాయి. ఎదుటివారి ఎంపిక చూసి తగిన జీవిని తేవడానికి వాడతారు.

*సహాయ కూర్పు.* జంట పోరుల్లో ఎక్కువ. తాను పెద్దగా కొట్టకుండా తోటి జీవికి దారి వేస్తుంది. మొదటి వంతులో ఎదుటివారిని నిలిపివేసే ఫేక్ అవుట్, దాడులను తనవైపు లాక్కునే ఫాలో మి, ఒక వంతు దెబ్బలన్నీ కాచే ప్రొటెక్ట్ ఇందులో ప్రధానమైనవి.

7. పోటీ రీతిని బట్టి కూర్పు

ఒకే జీవికి రీతి మారితే కూర్పు మారుతుంది. ఆరుగురికి ఆరుగురు, ఒకరితో ఒకరు తలపడే పోరు 2004లో మొదలైన స్మోగన్ ఆటగాళ్ల సమాజంలో ఎక్కువ. వాడకపు లెక్కల ఆధారంగా జీవులను అంతస్తులుగా విభజిస్తారు. ఈ పోరు ఎక్కువ వంతులు సాగుతుంది కాబట్టి స్టెల్త్ రాక్, గోడ కూర్పులకు విలువ ఎక్కువ.

అధికారిక ప్రపంచ పోటీల వీడియో ఆట విభాగం 2009 నుంచి జంట పోరు రీతిలో జరుగుతోంది. ఆటగాడు ఆరుగురిని తెచ్చి, ప్రతి పోరుకూ నలుగురిని ఎంచుకుంటాడు. పోరు కొద్ది వంతుల్లోనే తేలుతుంది. స్టెల్త్ రాక్ ఇక్కడ అరుదు, ప్రొటెక్ట్ మాత్రం చాలా కూర్పుల్లో నాలుగో గడిని ఆక్రమిస్తుంది. ఎర్త్‌క్వేక్ పక్కనున్న తోటి జీవికీ తగులుతుంది, పైగా ఒకటికి మించి జీవులకు తగిలినప్పుడు దెబ్బ నాలుగింట మూడు వంతులే. అందువల్ల గార్‌చాంప్ వాడే ఆటగాడు పక్కన ఫ్లయింగ్ జీవిని నిలుపుకుంటాడు, లేదా తోటి జీవి చేత ప్రొటెక్ట్ వేయిస్తాడు.

ఇటీవలి అధికారిక పోటీల్లో ఎదుటి జట్టు ఎత్తులు, వస్తువులు, ఎబిలిటీలు ముందే చూపించే పద్ధతి వచ్చింది, శిక్షణ అంకెలు మాత్రం గోప్యమే. దాంతో ఊహించని ఎత్తుతో ఆశ్చర్యపరిచే కూర్పుల విలువ తగ్గింది, తెలిసినా ఆపలేని కూర్పుల విలువ పెరిగింది.

8. ఉదాహరణ: పచిరిసు, 2014

2014 ఆగస్టులో వాషింగ్టన్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీల మాస్టర్స్ విభాగంలో దక్షిణ కొరియాకు చెందిన సేజున్ పార్క్ విజేతగా నిలిచాడు. అతని జట్టులో పచిరిసు అనే ఉడుతలాంటి ఎలక్ట్రిక్ జీవి ఉంది. దాని ఆరు మూల అంకెల మొత్తం 405. గార్‌చాంప్ మొత్తం 600. పచిరిసు అటాక్ 45, స్పెషల్ అటాక్ 45.

దాని కూర్పు నజల్, సూపర్ ఫాంగ్, ఫాలో మి, ప్రొటెక్ట్. నజల్ శక్తి 20 మాత్రమే, కానీ తగిలితే పక్షవాతం తప్పదు. సూపర్ ఫాంగ్ ఎదుటి జీవికి మిగిలిన ప్రాణశక్తిలో సగం తీస్తుంది, అందుకు అటాక్ అంకె అవసరమే లేదు. ఫాలో మి శత్రువుల దాడులను తనవైపు తిప్పుకుంటుంది. దాని ఎబిలిటీ వోల్ట్ అబ్జార్బ్ వల్ల ఎలక్ట్రిక్ దాడి దానికి గాయానికి బదులు ప్రాణశక్తినిస్తుంది. అదే జట్టులోని గ్యారడోస్ వాటర్, ఫ్లయింగ్ జీవి, ఎలక్ట్రిక్ దాడికి నాలుగు రెట్లు లొంగుతుంది. ఫాలో మితో ఆ దాడిని పచిరిసు తన మీదకు లాక్కుంటే గ్యారడోస్ క్షేమం, పచిరిసుకు లాభం.

ఈ నాలుగు ఎత్తుల్లో జీవి బలహీన అటాక్ మీద గట్టిగా ఆధారపడేది ఒక్కటీ లేదు. జీవికి లేనిదాన్ని అడగకుండా ఉన్నదాన్ని జట్టుకు వాడిన కూర్పుగా ఇది పోటీ ఆటల చరిత్రలో నిలిచింది.

9. ఇతర ఆటల్లో

*పోకీమాన్ గో.* 2016 జులైలో విడుదలైన ఈ ఫోన్ ఆటలో నాలుగు గడులు లేవు. ప్రతి జీవికీ ఒక వేగపు ఎత్తు, ఒకటి లేదా రెండు శక్తి ఎత్తులు. వేగపు ఎత్తు దెబ్బతోపాటు శక్తిని కూడబెడుతుంది, ఆ శక్తిని ఖర్చుచేసి శక్తి ఎత్తు వేయాలి. సొంత టైప్ లాభం ఇక్కడ 1.2 రెట్లు, టైప్ పొంతన లాభం 1.6 రెట్లు. 2018 డిసెంబర్‌లో ఆటగాళ్ల మధ్య పోరులు వచ్చాయి. ఒక్కొక్కరికి రెండు కవచాలుంటాయి కాబట్టి తక్కువ శక్తితో వేసే ఎత్తుతో ఎదుటివారి కవచాన్ని ఖర్చుచేయించి, తర్వాత పెద్ద ఎత్తు వేయడం సాధారణ వ్యూహం. గ్రేట్ లీగ్‌లో జీవి మొత్తం బలాన్ని చూపే పోరు అంకె 1500, అల్ట్రా లీగ్‌లో 2500 దాటకూడదు.

*మరికొన్ని.* డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్ ఆటల్లో రెండు జీవుల సంతానం పెద్దల నేర్పును అందిపుచ్చుకుంటుంది. టెమ్‌టెమ్ ఆటలో ఎత్తు వేయడానికి జీవి దమ్ము ఖర్చవుతుంది, దమ్ము మించి వాడితే ప్రాణశక్తి పోతుంది. కాబట్టి చవకైన ఎత్తును కూర్పులో ఉంచుకోవడం అక్కడ అవసరం.

10. తెలుగు ప్రాంతం, ఉత్తర తెలంగాణ

*పులి–మేక.* అసమాన బలాల జీవులు, పరిమిత ఎత్తులు అన్న ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. అరుగుల మీద సుద్దతో గీసి, గులకరాళ్లు, చింతగింజలు పెట్టి ఆడే పులి–మేకలో సాధారణంగా 3 పులులు, 15 మేకలు, 23 బిందువులు ఉంటాయి. పులి మేక మీదుగా దూకి చంపగలదు. మేకకు చంపే ఎత్తే లేదు, అది పక్క బిందువుకు జరుగుతుంది, అంతే. అయినా మేకలు కలిసి దారులు మూసి పులిని కదలకుండా చేస్తే గెలుపు వాటిదే. సొంత బలం తక్కువైన జీవి స్థానంతో, తోటివారితో గెలవడం పచిరిసు కూర్పులోనూ ఇక్కడా ఒకటే. తేడా ఏమిటంటే పులి–మేకలో ఎత్తులను నియమమే నిర్ణయిస్తుంది, పోకీమాన్‌లో ఆటగాడు పోరుకు ముందే ఎంచుకుంటాడు.

*కోడి పందేలు.* రంగును బట్టి కోళ్లను కాకి, డేగ, నెమలి, పర్ల వంటి పేర్లతో విభజించి, ఏ రోజున ఏది దేనిమీద గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం టైప్ పొంతన పట్టికను పోలి ఉంటుంది. పోలిక అంతటితో ఆగుతుంది. కోడి ప్రాణమున్న జీవి. జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమైన జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో 2021 ఫిబ్రవరిలో కోడికాలికి కట్టిన కత్తి తగిలి కోడిని తెచ్చిన మనిషే మరణించాడు. తెర మీది పోరులో ఓడిన జీవి తర్వాతి ఆటకు తిరిగి లేస్తుంది.

*టీవీ, ఫోన్.* పోకీమాన్ కార్టూన్ భారతదేశంలో 2003 నుంచి కార్టూన్ నెట్‌వర్క్‌లో, ఆ తర్వాత హంగామాలో ప్రసారమైంది. తెలుగు డబ్బింగ్ కూడా వచ్చింది. దేశంలో నిన్టెండో యంత్రాలు చాలావరకు దిగుమతి అమ్మకందారుల ద్వారానే దొరుకుతాయి కాబట్టి ఖరీదు ఎక్కువ. అందువల్ల కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వంటి పట్టణాల్లోని కొత్త ఆటగాడికి అందుబాటులో ఉండే దారి ఫోన్. పోకీమాన్ గో 2016 డిసెంబర్‌లో రిలయన్స్ జియోతో కలిసి దేశంలో విడుదలైంది. ఈ ఆటలో వస్తువులిచ్చే స్టాప్‌లు, పోరులు జరిగే జిమ్‌లు పట్టణాల్లో దట్టంగా, పల్లెల్లో పలుచగా ఉంటాయి. ఎత్తులు మార్చే టీఎం వస్తువులు ప్రధానంగా జిమ్ రెయిడ్‌లలో, ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే బ్యాటిల్ లీగ్‌లో దొరుకుతాయి. 2020లో మొదలైన బ్యాటిల్ లీగ్ ఇంట్లో కూర్చుని ఆడవచ్చు కనుక జిమ్ దగ్గరలో లేని ఊరివారికి కూర్పు మార్చుకునే ఒక దారి అది. కంప్యూటర్ లేదా ఫోన్ బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే పోకీమాన్ షోడౌన్ అనుకరణ వేదికలో జీవిని పట్టి పెంచే పని లేదు. ఎత్తులు, అంకెలు నేరుగా నింపి పోరు మొదలుపెట్టవచ్చు. కూర్పు నేర్చుకోవడానికి ఇది అన్నిటికంటే చవకైన చోటు.

*చట్టం.* తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ–స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పందెం లేకుండా ఆడే జీవుల పోరులు డబ్బు ఆటల కిందికి రావు.

11. ప్రాముఖ్యం, విమర్శలు

కూర్పు కట్టడంలో భిన్నాలు, సంభావ్యత, పరిమిత వనరుల పంపకం వంటి గణిత భావనలు పనిలో భాగంగానే వస్తాయి. ఫైర్ బ్లాస్ట్, ఫ్లేమ్‌త్రోయర్ మధ్య ఎంపిక తరగతి గదిలో చెప్పే సగటు విలువ పాఠానికి సరిపడే ఉదాహరణ.

విమర్శలూ ఉన్నాయి. ప్రసిద్ధ కూర్పులను అందరూ యథాతథంగా దించుకోవడంతో పోటీల్లో వైవిధ్యం తగ్గుతుందన్నది ఒకటి. ఎత్తు తప్పడం, యాదృచ్ఛిక గుణకం వల్ల మెరుగైన కూర్పు కూడా ఓడవచ్చన్నది మరొకటి. యంత్రం, ఆట రెండూ కొనవలసి రావడం పేద కుటుంబాల పిల్లలకు అడ్డంకి. మొదటి విమర్శకు పచిరిసు వంటి ఉదాహరణలు, రెండోదానికి ఒక జోడీ మధ్య మూడు ఆటల్లో రెండు గెలవాలన్న పోటీ నియమం, మూడోదానికి ఉచిత అనుకరణ వేదికలు కొంతవరకు సమాధానమిస్తున్నాయి.

మొత్తం మీద, బలమైన నాలుగు ఎత్తులు కలిపితే మంచి కూర్పు అయిపోదు. ప్రతి గడికీ ఒక పని, ప్రతి పనికీ జట్టులో ఒక అవసరం ఉన్నదే మంచి కూర్పు. కొత్తగా నేర్చుకునేవారు తమ జీవి నాలుగు ఎత్తుల పక్కన ‘ఇది ఎవరి కోసం’ అని రాసి చూసుకోవాలి. జవాబు దొరకని గడిని ముందుగా మార్చాలి.